నడుం వాల్చగానే కాళ్లలో ఆరాటం

పడుకున్నాక కాళ్లు కుదురుగా ఉండనివ్వని బాధ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. వైద్యంలో దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్, పొట్టిగా ఆర్‌ఎల్‌ఎస్.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రాత్రి పడుకోగానే రెండు పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటుంది. నొప్పి అనలేను. లేచి నాలుగు అడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. నరాల పరీక్ష, రక్తనాళాల స్కానింగ్ బాగానే ఉన్నాయి. ‘ఆందోళన వల్ల’ అన్నారు. ఇది నిజంగా జబ్బేనా?

జవాబు: జబ్బే. మనసు కల్పించుకున్నది కాదు. 1672లోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఈ బాధను వర్ణించాడు. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు ఎక్బామ్ దీని మీద వివరంగా గ్రంథం రాశాడు. ఇన్నేళ్లయినా రోగిని అడిగి తెలుసుకోవడం తప్ప దీన్ని నిర్ధారించే స్కానింగ్ లేదు. అందుకే మీ రిపోర్టులన్నీ బాగున్నాయి.

చూడాల్సినవి ఇవి: కాళ్లు కదపాలన్న ఆరాటం ఆపుకోలేనంతగా ఉండటం, అది కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో రావడం, కదిపినంతసేపూ తగ్గడం, సాయంత్రం నుంచి రాత్రికి పెరగడం. ఈ నాలుగూ ఉండి, వేరే కారణం లేదని తేలితే ఆర్‌ఎల్‌ఎస్ అంటారు. ఆ ‘వేరే కారణం’ దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. పిక్క పట్టేస్తే కండ గట్టిపడి చేతికి ముడిలా తగులుతుంది, తీవ్రంగా నొప్పి పుడుతుంది, సాగదీస్తే వదులుతుంది. ఆర్‌ఎల్‌ఎస్‌లో కండ మెత్తగానే ఉంటుంది. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్లలో మంట, తిమ్మిరి ఉంటాయి, నడిచినా పోవు. కాలి రక్తనాళాలు ఇరుకైతే సరిగ్గా తిరగబడి ఉంటుంది: నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల.

పక్కన పడుకునేవారిని ఒక మాట అడగండి. నిద్రలో మీ కాలి బొటనవేలు, పాదం సుమారు 20 నుంచి 40 సెకన్లకోసారి ఎగిరిపడుతున్నాయా అని. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవారిలో అత్యధికులకు ఈ కదలికలు ఉంటాయి. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలనట్టు ఉండటానికి అదీ ఒక కారణం. అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో ఇలాగే ఉండేదా అన్నదీ డాక్టరుకు చెప్పండి. ఇది వంశంలో తరచుగా కనబడుతుంది.

ప్రశ్న: నా హిమోగ్లోబిన్ 12.8. రక్తహీనత లేదన్నారు. ఫెరిటిన్ మాత్రం 22 వచ్చింది, అది కూడా నార్మల్ అనే రాసి ఉంది. అయినా ఐరన్ మాత్రలు వాడమంటున్నారు. రక్తం బాగున్నప్పుడు కాళ్లకూ ఇనుముకూ ఏమిటి సంబంధం?

జవాబు: మీ డాక్టరు సరైన చోట చెయ్యి పెట్టారు. ఆర్‌ఎల్‌ఎస్‌లో కొరత రక్తంలో కాదు, మెదడులో. కదలికలను అదుపులో ఉంచే మెదడు రసాయనం డోపమైన్. దాన్ని తయారుచేసే ఎంజైము పనిచేయాలంటే ఇనుము కావాలి. రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా మెదడుకు అందేది తక్కువైతే డోపమైన్ వ్యవస్థ తడబడుతుంది. పైగా డోపమైన్‌కు రోజులో ఎక్కువతక్కువలు ఉన్నాయి, రాత్రిపూట దాని పని మందగిస్తుంది. బాధ రాత్రి కావడానికి ఇదొక కారణం.

హిమోగ్లోబిన్ చూసి ‘ఇనుము బాగుంది’ అనుకోవడం ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నిల్వలు ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడుతుంది. నిల్వను చెప్పేది ఫెరిటిన్. రిపోర్టులో నార్మల్ కింది హద్దు 15 అనో 20 అనో ఉండొచ్చు. అది రక్తహీనతను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్న పెద్దవారికి ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రల ఇనుము పేగులోంచి పెద్దగా ఎక్కదు కాబట్టి సెలైన్‌లా నరానికి ఎక్కించే ఇనుమే దారి.

పరీక్షకు పొద్దున్నే, పరగడుపున వెళ్లండి. ముందు 24 గంటలు ఐరన్ మాత్ర వేసుకోవద్దు. ఫెరిటిన్‌తో పాటు సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఇనుమును మోయగలదో చెప్పే పరీక్ష), శాచురేషన్ కలిపి అడగండి. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపు ఉన్న రోజుల్లో ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనబడుతుంది. అప్పుడు శాచురేషన్‌నే ఎక్కువ నమ్మాలి.

మాత్ర వేసుకునే తీరు కూడా ముఖ్యమే. అట్ట మీద రాసిన అంకె చాలాసార్లు లవణం బరువు, ఇనుము బరువు కాదు. ఫెర్రస్ సల్ఫేట్ 325 మి.గ్రా. మాత్రలో అసలు ఇనుము 65 మి.గ్రా. మాత్రమే. ఒక పూట, ఖాళీ కడుపున, 100 నుంచి 200 మి.గ్రా. విటమిన్ సి తో వేసుకోవాలి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, అసిడిటీ మందు ఒకటి రెండు గంటల అటూ ఇటూ ఉండకూడదు. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. రోజు విడిచి రోజు వేసుకున్నా పనిచేస్తుంది. ఒక మోతాదు పడగానే ఇనుము ప్రవేశాన్ని అడ్డుకునే హార్మోను ఒక రోజు పాటు పెరిగి ఉంటుంది కాబట్టి రెండోరోజు మాత్ర సరిగా ఎక్కదు. కడుపులో తిప్పినవారికి, మలబద్ధకం వచ్చినవారికి రోజు విడిచి రోజే మేలు. విరేచనం నల్లగా రావడం మామూలే.

రెండు వారాలకు తగ్గలేదని మానేయకండి. మాత్రలతో నిల్వ నిండటానికి నెలలు పడుతుంది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలి. మాత్రలు పడనివారికి, పనిచేయనివారికి ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుమును నరానికి ఎక్కిస్తారు. దాని ఫలితం కూడా మర్నాడే కాదు, కొన్ని వారాలకు తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. పరీక్ష లేకుండా ఎవరూ ఐరన్ మొదలుపెట్టొద్దు, ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉన్నవారికి అది హాని. ఇక నిల్వ ఎందుకు తగ్గిందో తేలాలి. నెలసరి రక్తస్రావం ఎక్కువైతే అది చూపించుకోవాలి. మగవారిలో, నెలసరి ఆగిన స్త్రీలలో కడుపులోనో పేగులోనో రక్తం పోతోందేమో వెతకాల్సిందే. ఆ వెతుకులాట వదిలేసి మాత్రలు మింగడం ప్రమాదం. ఆ మాత్రలు పిల్లల చేతికి అందకుండా పెట్టండి, నాలుగైదు మింగినా చిన్నపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: జలుబు మాత్ర వేసుకున్న రాత్రి కాళ్లు నిలవనివ్వలేదు. మందులకూ దీనికీ లంకె ఉందా?

జవాబు: గట్టి లంకె. మత్తు కలిగించే అలర్జీ మందులు, ముఖ్యంగా డైఫెన్‌హైడ్రమిన్, ఆర్‌ఎల్‌ఎస్‌ను రేపుతాయి. చీటీ లేకుండా దొరికే చాలా నిద్రమాత్రల్లోనూ ఉండేది అదే. నిద్ర పట్టడం లేదని మాత్ర వేసుకుంటే ఆ మాత్రే కాళ్లను కుదిపేస్తుందన్నమాట. అలర్జీకి ఫెక్సోఫెనడిన్ వంటి మత్తులేని మందు అడగండి. వాంతుల మందుల్లో మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ డోపమైన్‌ను అడ్డుకుంటాయి. వాటి బదులు ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంది. డిప్రెషన్ మందుల్లో మిర్టజపిన్ మీద అనుమానం ఎక్కువ, అమిట్రిప్టిలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి కూడా కొందరిలో పెంచుతాయి. కానీ డిప్రెషన్ మందును మీ అంతట మీరు ఆపకండి. అది మొదలుపెట్టిన తేదీ, కాళ్ల బాధ మొదలైన తేదీ పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించండి, నిర్ణయం తేలికవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ప్రమిపెక్సోల్ 0.125 మి.గ్రా. ఇస్తే మొదటి రాత్రే హాయిగా పడుకున్నారు. తరవాత పెంచుతూ ఇప్పుడు 0.75 దాకా వచ్చింది. రాత్రి పదకొండుకు వచ్చే బాధ మధ్యాహ్నం మూడింటికే వస్తోంది, చేతులకూ పాకింది. ఇంకా పెంచాలా?

జవాబు: దయచేసి పెంచకండి. జబ్బు ముదిరినట్టు కనబడుతున్న ఇది చాలా వరకు మందు తెచ్చిన మార్పు. ఆగ్మెంటేషన్ అంటారు. గుర్తులు మీరే రాశారు: బాధ గంటల ముందే రావడం, చేతులకు పాకడం, మోతాదు పెంచితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ ముందుకు జరగడం. డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మందులతో ఏళ్లు గడిచేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. ఒంట్లో డోపమైన్‌గా మారే లెవోడోపాతో ఇంకా తొందరగా వస్తుంది. మొదటి రాత్రి అద్భుతంగా పనిచేయడమే ఈ మందుల మీద అంత నమ్మకం పెంచింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వీటిని మామూలుగా వాడే మందుల జాబితాలోంచి పక్కకు జరిపింది. నరాల నొప్పికి కూడా వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివాటిని, ఇనుమును ముందుకు తెచ్చింది.

అలాగని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా మానితే కాళ్లు విపరీతంగా ఎదురుతిరుగుతాయి, దిగులు, చెమటలు, ఆందోళన రావచ్చు. నరాల డాక్టరు లేదా నిద్ర వైద్యుడి దగ్గర జరగాల్సిన వరుస ఇది. మొదట ఫెరిటిన్ చూసి తక్కువైతే నింపాలి. తరవాత గాబాపెంటిన్‌ను సాయంత్రం పూట మొదలుపెట్టి పనిచేసే మోతాదుకు తేవాలి. పెద్ద వయసులో 100 మి.గ్రా.తో మొదలుపెట్టడం మంచిది. అప్పుడు ప్రమిపెక్సోల్‌ను చిన్న చిన్న మెట్లుగా, మెట్టుకూ మెట్టుకూ వ్యవధి ఇస్తూ దించాలి. ఆఖరి మెట్టు కష్టం. కొన్ని రాత్రులు దాదాపు నిద్ర ఉండదు. ఆ రోజుల్లో ఆయన వాహనం నడపకూడదు, ఎవరైనా తోడుండాలి. ఈ సంగతి ముందే తెలిస్తే ‘మందు లేకపోతే బతకలేను’ అని వెనక్కి వెళ్లరు.

గాబాపెంటిన్‌కు ముందు క్రియాటినిన్ చూడాలి, కిడ్నీ పని తగ్గితే మోతాదు తగ్గించాలి. తూలుడు, మత్తు, పాదాల వాపు, బరువు పెరగడం ఉంటాయి. రాత్రి బాత్‌రూముకు లేచేటప్పుడు పడిపోకుండా దారిలో చిన్న దీపం ఉంచండి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న అసిడిటీ మందుకు రెండు గంటల ఎడం పాటించాలి. గురక, ఊపిరి జబ్బు, మత్తుమందులు ఉంటే ముందే చెప్పాలి.

ఇంకొక్క మాట, ఇది ఇంట్లోవాళ్లే గమనించాలి. ప్రమిపెక్సోల్ వాడేవారిలో కొందరికి జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం అలవాటవుతాయి. సిగ్గుతో చెప్పరు. నాన్నగారిని నెమ్మదిగా అడగండి, అది ఆయన తప్పు కాదు, మందు ప్రభావం.

ప్రశ్న: ఏడో నెల గర్భిణిని. రెండు వారాలుగా కాళ్ల ఆరాటం. మాత్రలు వేసుకోవాలంటే భయం. రాత్రి లేచినప్పుడు ఏం చేయాలి?

జవాబు: చివరి మూడు నెలల్లో ఇది చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి కాన్పయిన కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. ఫెరిటిన్ మాత్రం ఇప్పుడే చూపించండి. ఇనుము అవసరమైతే అది బిడ్డకూ మేలే.

రాత్రి మొదలవగానే లేవండి. కాళ్లు బిగబట్టి పడుకోవడం వల్ల ఆరాటం పెరుగుతుందే గానీ తగ్గదు. గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు నిటారుగా, మడమ నేల మీద ఉంచి 30 సెకన్లు ఆగండి. కాలికి మూడుసార్లు. తరవాత గరుకు తువాలుతో చీలమండ నుంచి పైకి గట్టిగా రుద్దండి. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టినా కొందరికి హాయి, కొందరికి చల్లనీళ్లే పడతాయి, రెండూ చూసుకోండి. ఒక కాలే వాచి, ఎర్రబడి నొప్పి పుడితే మాత్రం రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

మెదడుకు పని ఉన్నప్పుడు ఆరాటం తగ్గుతుంది. ఊరికే తెర చూడటం కంటే పదవినోదం నింపడం, అల్లిక పని, కబుర్లు ఎక్కువ సాయం చేస్తాయి. బాధ సాయంత్రం నుంచి పెరుగుతుంది కాబట్టి కూర్చుని చేసే పనులు పొద్దున, తిరుగుతూ చేసేవి సాయంత్రం పెట్టుకోండి. పగలు అరగంట నడవండి, అలవాటులేని కఠిన వ్యాయామం వద్దు. మధ్యాహ్నం తరవాత కాఫీ, టీ మానండి. తెల్లవారుజామున కాళ్లు నెమ్మదిస్తాయి, వీలున్న రోజు పొద్దున ఒక గంట ఎక్కువ పడుకోండి. ప్రయాణం తప్పకపోతే పొద్దుటిపూట బయలుదేరి, లేచి తిరగడానికి వీలుగా నడవా పక్క సీటు తీసుకోండి.