రేవులో వదిలేసిన పంటును ఊరంతా కలిసి కోసి అమ్మేయవచ్చా?

ప్రశ్న: మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక ఊరు. వంతెన వచ్చాక మా రేవు మూతపడింది. చివరిసారి రేవును వేలంలో పాడుకున్న పాటదారు ఒక పంటును (జనాన్ని, బండ్లను ఏరు దాటించే వెడల్పాటి పడవ), ఒక లాంచీని ఒడ్డునే వదిలేశారు. ఆయన చనిపోయి నాలుగేళ్లయింది. కొడుకులకు ఫోన్ చేస్తే ‘మాకు సంబంధం లేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి’ అంటున్నారు. పంటు రేవు మెట్ల పక్కన సగం మునిగి ఉంది. లాంచీ మా కొబ్బరితోట గట్టు మీదికి ఎక్కి కూర్చుంది. పిల్లలు వాటి మీదెక్కి ఆడుకుంటున్నారు. పాత ఇనుము వ్యాపారులు బేరానికి వస్తున్నారు. ఊరి పెద్దలు కోయించి అమ్మి ఆ డబ్బు గుడికి వాడదామంటున్నారు. చేయవచ్చా? లేకపోతే ఎవరిని అడగాలి?

జవాబు: వద్దండీ, కోయించకండి. ఏళ్ల తరబడి ఒడ్డున పడి ఉన్నంత మాత్రాన అది దిక్కులేని సొత్తు అయిపోదు. అవి పాటదారు సొంతవే అయితే ఆయన పోయిన రోజు నుంచి వారసులవి. కొడుకులు ఫోన్లో అన్న మాట హక్కు వదులుకున్నట్టు కాదు. పైగా ఆయన భార్య, కూతుళ్లు, తల్లి ఉంటే ఆమె కూడా వాటాదారులే. వాళ్లు ఆ మాట కూడా అనలేదు. యజమాని సమ్మతి లేకుండా కోసి అమ్మితే భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద దొంగతనం కేసు పెట్టవచ్చు. కొన్న వ్యాపారి మీద 317 కింద దొంగసొత్తు కేసు వస్తుంది. డబ్బు గుడికే ఇచ్చామన్నది మంచి ఉద్దేశమే గాని, యజమానికి నష్టం చేయలేదని చెప్పడానికి అది చాలదు.

కాంట్రాక్టు చట్టం 169 చూపించి, దొరికిన వస్తువుకు పెట్టిన ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరితే అమ్ముకోవచ్చని కొందరు చెబుతారు. ఆ సెక్షన్ పోగొట్టుకున్న వస్తువుకు, అది కూడా యజమాని ఎంత వెతికినా దొరకనప్పుడో, చట్టబద్ధమైన ఖర్చు ఇవ్వనన్నప్పుడో వర్తిస్తుంది. ఇక్కడ వస్తువు పోలేదు, యజమానులు ఎవరో మీకు తెలుసు. ఆ దారి మీకు లేదు.

అసలు పంటు పాటదారుదేనా అన్నది ముందు తేల్చుకోండి. కొన్ని రేవుల్లో పంటు పంచాయతీదో ప్రభుత్వానిదో అయి ఉంటుంది, పాటదారు నడుపుకునేవాడు మాత్రమే. అలాంటిదైతే కొడుకులు రాసిచ్చే కాగితం కూడా చెల్లదు. సంబంధిత శాఖ పనికిరాదని రికార్డు రాసి బహిరంగ వేలం వేయాలి. ఇది తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. పంచాయతీ కార్యదర్శిని, ఎంపీడీవోను చివరి రేవు పాట ఒప్పందం, దానికి జతచేసిన సామాన్ల జాబితా, డిపాజిట్ రికార్డు అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతా చోట్ల 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. బోట్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చే అధికారిని లాంచీ రిజిస్ట్రేషన్ వివరాలు, దాని మీద తాకట్టు ఉంటే ఆ వివరాలు అడగండి. నంబరు కోసం లాంచీ ముందు భాగంలో రెండు పక్కలా చూడండి. పెయింట్ పోయి ఉంటే ఇంజన్ మీద రేకు ముక్కకు కొట్టిన నంబరు ఫొటో తీయండి. ఇంజన్ లేని పంటుకు రిజిస్ట్రేషన్ నంబరు దొరక్కపోవచ్చు. 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ఇంజన్ ఉన్న పడవలకు రిజిస్ట్రేషన్, లేనివాటికి స్థానిక సంస్థల దగ్గర నమోదు అని రెండు దారులు పెట్టింది. కాబట్టి పంటు విషయంలో రేవు పాట ఒప్పందమే మీకు ముఖ్యమైన ఆధారం.

ఈ కాగితాలు వచ్చేలోగా వరద రావచ్చు, పిల్లలు రోజూ ఎక్కుతున్నారు. ఇక్కడ మీరు ఆగకండి. పడవ కొట్టుకుపోకుండా కట్టడం నేరం కాదు. పెద్ద ప్రమాదాన్ని ఆపడానికి సద్బుద్ధితో చేసిన పనికి న్యాయ సంహిత 19 సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఊళ్లో పాత సరంగు (లాంచీ నడిపినవారు) ఎవరైనా ఉంటే ఆయన చేతే కట్టించండి. ఎగువకు ఒకటి, దిగువకు ఒకటి తాళ్లు వేయాలి, నీరు పెరిగినప్పుడు పడవతో పాటు లేచేంత వదులు ఉండాలి. బిగించి కట్టిన పొట్టి తాడు వరదలో తెగుతుంది, లేదా ఒక కొసను నీళ్లలోకి లాగేస్తుంది. కొబ్బరిచెట్టుకు కట్టవద్దు, ఒడ్డు కోసుకుపోతే చెట్టుతో సహా పోతుంది. కట్టే ముందు, కట్టాక వీడియో తీసి, ఆ రోజే వీఆర్వోకు, పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. పంటు మీదికి వేసిన పలక తీయించి, ‘ఎక్కరాదు’ అని బోర్డు పెట్టించమని పంచాయతీని అదే కాగితంలో కోరండి.

ఇక తొలగించే దారి. అది భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152 సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. ప్రజలు వాడుకునే దారిలోగాని, నదిలోగాని, కాలువలోగాని ఉన్న అడ్డంకిని తీయించే అధికారం ఈ సెక్షన్ మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. నది అన్న మాట చట్టంలోనే ఉంది, కాబట్టి మీ పంటుకు ఇది సరిగ్గా సరిపోతుంది. పిటిషన్ సబ్ కలెక్టర్ లేదా ఆర్డీవోకు ఇవ్వాలి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ వారే. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. సోమవారం గ్రీవెన్స్‌లో మామూలు అర్జీ ఇస్తే అది తహసీల్దారుకు, అక్కడి నుంచి వీఆర్వోకు వెళ్లి ‘యజమానికి తెలియజేశాము’ అన్న ఒక్క వాక్యంతో మూసుకుపోతుంది. మీ కాగితం పైన ‘సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గారి సమక్షమునకు, బీఎన్‌ఎస్‌ఎస్ 152 కింద పిటిషన్’ అని రాయండి. ఎదుటి పక్షాలుగా భార్యతో సహా వారసులందరి పేర్లు, చిరునామాలు, పంచాయతీ కార్యదర్శి హోదా రాయండి. పోలీసు రిపోర్టు ఉండి తీరాలని లేదు, మీరిచ్చే సమాచారమే చాలు.

పిటిషన్‌లో మీ బాధ కన్నా ప్రజల హక్కు కనబడాలి. రేవు మెట్లు ఇప్పుడు ఎవరు దేనికి వాడుతున్నారు, పంటు ఎన్ని మెట్లను కప్పేసింది, వంతెన స్తంభాలు దిగువకు ఎంత దూరం, ఇవి కొలిచి రాయండి. వరదలో ఇలాంటివి ఏం చేస్తాయో ఒక్క వాక్యం చాలు: 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల కౌంటర్ వెయిట్లను (గేట్లకు సమతూకంగా ఉండే బరువు దిమ్మెలను) దెబ్బతీశాయి, వాటిని తీయడానికి రోజుల తరబడి పట్టింది. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, రేవు పాట పాత రికార్డు, తేదీ కనబడే ఫొటోలు, పదిమంది సంతకాలు జతచేయండి.

మేజిస్ట్రేట్ మొదట షరతుతో కూడిన ఉత్తర్వు ఇస్తారు: ఇన్ని రోజుల్లో తీయండి, లేదా ఎందుకు తీయరో వచ్చి చెప్పండి అని. వారసులు వచ్చి కాదంటే సాక్ష్యం తీసుకుంటారు. ఈ విచారణ 90 రోజుల్లో ముగియాలి, కారణాలు రాసి 120 రోజుల దాకా పొడిగించవచ్చు. ఎవరూ రాకపోతే ఉత్తర్వు ఖాయమవుతుంది. అప్పటికీ తీయకపోతే 160 సెక్షన్ కింద మేజిస్ట్రేటే తీయించి, తీసిన వస్తువును అమ్మి ఖర్చు రాబట్టుకోవచ్చు. మీ ఊరి పెద్దలు కోరుకుంటున్న కోత, అమ్మకం ఈ దారిలో చట్టబద్ధంగా జరుగుతాయి. వరద దగ్గరపడితే విచారణ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. 161 కింద తక్షణ ఉత్తర్వు విడిగా కోరండి.

అవతలి లాయరు తప్పకుండా వేసే ఎత్తు ఒకటుంది: ‘రేవు మూతపడింది, అక్కడ ప్రజల హక్కే లేదు.’ దానికి నమ్మదగిన సాక్ష్యం చూపితే, సివిల్ కోర్టు తేల్చేదాకా మేజిస్ట్రేట్ ఆపేయాలి. అందుకే రేవు ఇప్పటికీ వాడుకలో ఉందని, స్నానాలకో చేపల పడవలకో, చూపే సాక్షులను ముందే సిద్ధం చేసుకోమంటున్నాను. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు, ప్రజల ఇబ్బంది రుజువైతే మేజిస్ట్రేట్ చర్య తీసుకోవడం బాధ్యత అని గట్టిగా చెప్పింది. ఆ తీర్పు నకలు జతచేయండి.

లాంచీ సంగతి కొంచెం వేరు. అది నిజంగా మీ పట్టా భూమిలోనే ఉంటే అది ప్రైవేటు తగాదా, 152 కింద వెనక్కి పంపేస్తారు. అయితే గోదావరి కోతకు గట్లు జరిగిన చోట తోట గట్టు అనుకున్నది నదీ పోరంబోకు అయి ఉండవచ్చు. మండల సర్వేయరు చేత హద్దు వేయించండి. పోరంబోకులో ఉంటే రెండింటికీ ఒకే పిటిషన్ సరిపోతుంది. పట్టాలోనే అని తేలితే వారసులకు లాయరు నోటీసు ఇచ్చి, తొలగించాలని సివిల్ కోర్టులో మాండేటరీ ఇంజంక్షన్ దావా వేయాలి. నేల మీద ఉన్నంతకాలం తప్పు కొనసాగుతున్నట్టే, కాబట్టి కాలదోషం (దావా గడువు దాటిపోవడం) భయం లేదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు తేలికైన దారి ఒకసారి ప్రయత్నించండి. ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నవాళ్లు అదే మాట కాగితం మీద పెడితే సగం పని అయిపోతుంది. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం చేసి, పంటు, లాంచీ అమ్మకానికి అధికారం ఇస్తున్నామని పంచాయతీ పేర రాసివ్వాలి. ఇద్దరు కొడుకుల సంతకాలు చాలవు. తాకట్టు ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

ఏ దారిలో వెళ్లినా కోత పని ఊళ్లో కుర్రాళ్లకు అప్పగించవద్దు. పంటును తేల్చే పాంటూన్లలో, అంటే మూసి ఉన్న ఇనుప డొల్లల్లో, తుప్పు పట్టేకొద్దీ లోపలి గాలిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. మూత తీసి దిగిన మనిషి నిమిషాల్లో పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా ఆవిరి ఉంటుంది, గ్యాస్ కటర్ తగిలితే పేలుతుంది. నీళ్లలో ఉండగా ఒక పాంటూన్ కోస్తే పంటు ఆ పక్కకే ఒరిగి మునుగుతుంది. ఒడ్డుకు లాగాక, నూనె డ్రమ్ముల్లోకి తోడాక, మూతలన్నీ తెరిచి గాలి ఆడనిచ్చాకే కోయాలని ఉత్తర్వులోనే రాయమని కోరండి. నూనెను గోదావరిలోకి వదలకూడదు; వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది.

అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చు పోగా మిగిలింది వారసులది, ఊరిది కాదు. గుడికి ఇవ్వాలంటే వాళ్లే ఇవ్వాలి. లాంచీ వల్ల మీ చెట్లు పడిపోయి ఉంటే ఆ నష్టపరిహారం వేరే దావా, నష్టం జరిగిన రోజు నుంచి మూడేళ్లలోగా వేయాలి. పడిన చెట్లను వ్యవసాయ శాఖ లేదా ఉద్యాన శాఖ అధికారి చేత లెక్క రాయించి ఉంచుకోండి.