సొంతంగా వడ్రంగం నేర్చుకుంటున్న అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఏడాదిగా యూట్యూబ్‌లో చూస్తూ పెరట్లో కర్రపని చేస్తున్నాడు. చేసిన రెండు స్టూళ్లలో ఒకటి ఊగుతోంది. వానాకాలంలో మామిడి పలకతో చేసిన రెండోదాని పైభాగం ఎండాకాలంలో పగిలింది. ఇప్పుడు చేత్తో పట్టుకొని కోతకు వాడే గ్రైండర్ యంత్రం కొనివ్వమంటున్నాడు, ఇదే వృత్తిగా తీసుకుంటానంటున్నాడు. బంధువులేమో ఏదో ఒక కాలేజీలో ఇంజినీరింగ్ సీటు తీసుకోమంటున్నారు. ఇలా తప్పులు చేసుకుంటూ నేర్చుకోవడం ఎంతవరకు సాగుతుంది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొదటి స్టూలు ఊగినా మీ అబ్బాయి రెండోది మొదలుపెట్టాడు. అతని ఆసక్తి గురించి నేను తెలుసుకోవలసింది చాలావరకు అందులోనే ఉంది కాబట్టి ఆపవద్దనే చెబుతాను. అయితే చేసి చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకునే పద్ధతి వడ్రంగంలో అన్నిటికీ పనికిరాదు. చేతి పనిముట్లతో చేసే పనికి అంతకన్నా మంచి గురువు లేదు గాని, యంత్రాల దగ్గర జాగ్రత్తనూ, పనికి ధర కట్టడాన్నీ మాత్రం తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలి.

ముందు ఊగుతున్న స్టూలు సంగతి చూద్దాం. కొత్తవాళ్లు దాదాపు అందరూ పొడుగ్గా కనిపించిన కాలును కాస్త కోస్తారు, దాంతో మరో కాలు పొడుగవుతుంది, దాన్నీ కోస్తారు, చివరికి స్టూలు కాస్తా పీట అవుతుంది గాని ఊగడం మాత్రం మానదు. ప్రతి కోతతోనూ కొలతకు ఆధారమైనదే మారిపోతూ ఉంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా తెలిసేది ఏమీ ఉండదు. సరిగ్గా చదునుగా ఉన్న గ్రానైట్ బండ మీదో, నున్నటి గచ్చు మీదో స్టూలును నిలబెట్టి, పైపలక నాలుగు మూలలూ నేలనుంచి ఒకే ఎత్తులో ఉండేలా కాళ్ల కింద సన్నని చెక్క పేళ్లు దోపమనండి. ఆ తరువాత ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిలును పడుకోబెట్టి, ఆ ముక్కను నేల మీద జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గీయాలి. గీతలన్నీ నేలకు ఒకే ఎత్తులో పడతాయి కనుక వాటి వెంట కోస్తే ఒక్కసారితో పని తెమిలిపోతుంది.

పలక పగలడానికి కారణం వేరు. చెట్టు నుంచి కోసి ఎన్నేళ్లయినా కర్ర గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుంటుంది. ఈ మార్పు నార వెంబడి పొడవున లెక్కలోకి రానంత తక్కువగా ఉంటుంది గాని, నారకు అడ్డంగా, అంటే పలక వెడల్పులో, కంటికి కనిపించేంత ఉంటుంది. వానాకాలంలో తేమతో ఉన్న మామిడి పలకను రెండంచులా మేకులు కొట్టి అడ్డకర్రలకు బిగించి ఉంటాడు. మీ ఖమ్మం ఎండలకు అది కుంచించుకోబోతే మేకులు కదలనివ్వవు కాబట్టి మధ్యలో నెర్రె విచ్చక తప్పదు. బాగా ఆరిన కర్ర, అంటే తేమ 8 నుంచి 12 శాతం లోపు ఉన్నది, ఎంచుకోవడం ఒక జాగ్రత్త. ఒక అంచును గట్టిగా బిగించి, రెండో అంచు దగ్గర స్క్రూ రంధ్రాన్ని కొంచెం కోలగా చేసి పలకకు కదిలే చోటు వదలడం రెండోది. తలుపులకు టేకునే కోరుకోవడానికి చెదను తట్టుకోవడంతో పాటు, తేమకు దాని కదలిక తక్కువ కావడం కూడా ఒక కారణం.

ఊగడం ఎందుకో అబ్బాయి అప్పటికప్పుడు కనిపెట్టగలిగేవాడే. పలక తప్పు బయటపడటానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది, అప్పటికి ఆ కర్ర ఎక్కడ కొన్నాడో, ఎంత పచ్చిగా ఉందో, ఎలా బిగించాడో గుర్తుండదు. అందుకే ప్రతి వస్తువు అడుగున తేదీ, కర్ర పేరు, కొన్న చోటు పెన్సిలుతో రాయమనండి. ఒకదాని తరువాత ఒకటి కొత్త వస్తువులు మొదలుపెట్టడం మాని, హాఫ్ ల్యాప్ జాయింట్ అనే ఒకే అతుకును తుక్కు కర్ర మీద పదేపదే చేయడం మేలు. రెండు కర్రల మందంలో సగం సగం తీసి ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేసే ఈ అతుకులో కొలత, కోత, ఉలి పని మూడూ బయటపడతాయి. ఒకసారి గీతను పెన్సిలుకు బదులు కత్తిమొనతో గీసి చూడాలి, మరోసారి రంపాన్ని గీత మీద కాక తీసేయవలసిన వైపు పెట్టి కోయాలి, ఎందుకంటే రంపం తన మందం మేర కర్రను తినేస్తుంది. ఒకసారికి ఒక్క సంగతినే మార్చితేనే తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. నూలుపోగంత తేడా ఉన్నా అతుకు వదులై ఆడుతుంది కనుక దాని నాణ్యత గురించి ఎవరూ తీర్పు చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముందు పదును పెట్టడం రావాలి. ఉలి అంచును 25 డిగ్రీల వాలుకు తెచ్చి, కొనను 30 డిగ్రీల దగ్గర సన్నరాయి మీద నూరి, వెనకవైపును పూర్తి చదునుగా రుద్దాలి. నూరిన ఉలితో మెత్తని కర్ర అడ్డకోత మీద, అంటే నార చివరలు కనిపించే వైపు, సన్నగా చెక్కి చూస్తే పదును ఉన్నప్పుడు నున్నగా మెరుస్తుంది, లేనప్పుడు నార నలిగి తెల్లగా చిరుగుతుంది. కొత్తవారు కర్ర మంచిది కాదని నిందించే సందర్భాల్లో చాలావాటికి మొద్దు ఉలే కారణం.

గ్రైండర్ మాత్రం ఇప్పుడు కొనివ్వకండి. దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలించి వాడటం మన ఊళ్లలో అలవాటైపోయింది గాని, నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరిగే ఆ బ్లేడు కర్రలో చిక్కుకున్న క్షణంలో చేతిలోంచి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. ఈ విషయంలో తప్పు చేసి నేర్చుకునే అవకాశమే ఉండదు. టేబుల్ రంపమైనా, కర్రను నునుపు చేసే ప్లేనర్ అయినా పక్కన అనుభవజ్ఞుడు నిలబడి చూపించిన తరువాతే ముట్టుకోవాలి, తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులూ వదులు చొక్కాలూ వద్దు. పొట్టును కూడా తేలిగ్గా తీసుకోకూడదు: కర్ర ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది కాబట్టి సాండింగ్ చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఇక ధర కట్టడం. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకొని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 7 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న గుమ్మం నిలువు కర్ర 0.73 ఘనపుటడుగు అవుతుంది. ఎంపీసీ చదివినవాడికి ఇది కష్టం కాదు గాని, చిత్రిక పట్టడంలో, అంటే కర్రను నునుపు చేయడంలో, పోయేదెంత, పనికిరాని ముడులున్న భాగమెంత అన్నది ఏ సూత్రమూ చెప్పదు. ప్లైవుడ్‌లోనూ ఇంతే. 8 అడుగులకు 4 అడుగుల షీటును పొడవునా చీల్చితే 16 అంగుళాల ముక్కలు మూడు రావాలని కాగితం లెక్క చెబుతుంది. రెండు కోతల్లో రంపం తిన్నది పోగా మూడో ముక్క 16 అంగుళాలు రాదు, ఆ ఒక్క ముక్క కోసం ఇంకో షీటు కొన్నాక ఆ పనిలో లాభం మిగలదు. మీ ఊళ్లో తలుపులో, అల్మరాలో చేసే మంచి మేస్త్రీ దగ్గర ఈ సెలవుల్లో సహాయకుడిగా చేర్చగలిగితే ఇవన్నీ కళ్లముందే తెలుస్తాయి. వడ్రంగి కుటుంబాల పిల్లలు కూడా తప్పులు చేస్తూనే నేర్చుకుంటారు, కాకపోతే పెద్దవాళ్ల కళ్లెదుట చేస్తారు. మీ అబ్బాయికి లేనిది ఆ నీడ మాత్రమే. మొదటి నెలలు కర్రలు మోయడానికీ, పొట్టు ఊడ్వడానికీ సిద్ధపడి వెళ్లాలి.

చదువు విషయానికి వస్తే, ఐటీఐలలో కార్పెంటర్ లేదా వుడ్ వర్క్ టెక్నీషియన్ పేరుతో ఏడాది ట్రేడ్ ఉంది, దానికి ఇంటర్ అవసరం లేదు. యంత్రాల మీద మరింత పట్టు కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, అక్కడి ఆధునిక శిక్షణ కేంద్రంలో కంప్యూటరుతో నడిచే యంత్రాల మీద కూడా నేర్పుతారు. మాడ్యులర్ కిచెన్‌లు చేసే కర్మాగారాల్లో ఇప్పుడు ఆ పని తెలిసినవారే కావాలి. అబ్బాయికి బొమ్మ గీయడంలో కూడా ఆసక్తి ఉంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ, లేదా అమరావతిలోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్‌ఐడీ) ప్రవేశ పరీక్ష రాయించవచ్చు. కొండపల్లి పొణికి కర్ర బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, బొబ్బిలి వీణలు చూసి ఆ వైపు వెళ్తానంటే అది ఫర్నిచర్ పని కాదనీ, ఆ ఊళ్లలోనే ఉండి నేర్చుకోవలసిన విద్య అనీ ముందే చెప్పండి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల సాయం, తక్కువ వడ్డీకి రుణం ఉన్నాయి గాని, అది ఇప్పటికే ఈ వృత్తి మీద బతుకుతున్నవారికోసం ఉద్దేశించినది. మీ అబ్బాయికి ఇప్పుడు వర్తించదు.

బంధువుల మాట గురించి ఒక్క సంగతి: ఆసక్తి లేని ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లూ ఫీజులూ పెట్టడం కన్నా, ఒక ఏడాది ఐటీఐలో పెట్టి చూడటం చాలా చిన్న పందెం, పైగా ఇంటర్ సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు, మనసు మారితే వచ్చే ఏడాది డిగ్రీలో చేరవచ్చు. ఈ ట్రేడ్ ప్రతి ఐటీఐలోనూ ఉండదు కాబట్టి, జిల్లాలో ఎక్కడుందో ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి ఇప్పుడే కనుక్కొని, వీలైతే వర్క్‌షాపును అబ్బాయితో కలిసి చూసి రండి. యంత్రాలు దుమ్ము పట్టి మూలనపడి ఉన్నాయా, లేక బల్లల మీద పిల్లలు చేసిన అతుకులు కనిపిస్తున్నాయా అన్నది చూసుకొని దరఖాస్తు పెట్టించండి.