ఆర్థిక సలహాలు: పిల్లల్ని స్కౌట్స్‌లో వెయ్యడానికి ఆరు వేలు అప్పు చెయ్యాలా?

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది నరసన్నపేట దగ్గర ఊరు. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో మిషను కుడతాను, ఇద్దరిదీ కలిపి నెలకి పద్దెనిమిది వేలు వస్తే గొప్ప. బాబుకి 11 ఏళ్ళు, ఆరో తరగతి. పాపకి తొమ్మిది నిండాయి, నాలుగో తరగతి. మా హైస్కూల్లో ఒక సారు స్కౌట్ ట్రూప్, అంటే స్కౌట్ పిల్లల దళం, మొదలెడుతున్నారు. యూనిఫాం 1,800, రిజిస్ట్రేషను పుస్తకాలు 300, తాడు విజిల్ లాంటివి 300, మొదటి క్యాంపు 600 అని లిస్టు ఇచ్చారు, అంటే ఇద్దరికీ 6,000. మా వీధిలో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు, తీసుకోమంటారా? మా ఆయనేమో రైల్వే జాబు వస్తాదంటే వెయ్యి, లేపోతే వద్దు అంటున్నారు. ఇంకోటి, నేను డ్వాక్రాలో రెండో లీడర్ని కదా, ట్రూప్ డబ్బులన్నీ నా ఫోన్‌పేకే వేస్తామంటున్నారు మిగతా తల్లిదండ్రులు. వేయించుకోవచ్చా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ వడ్డీ డబ్బు మాట పక్కన పెట్టెయ్యండి. ఆరు వేలకి నూటికి మూడు అంటే నెలకి 180, ఏడాది తిరిగేసరికి 2,160 వడ్డీకే పోతుంది, అసలు ఆరు వేలూ అలాగే ఉంటుంది. అసలు మీకు ఆరు వేలు అవసరమే లేదు, ఎందుకో చెప్తాను.

పాపకి ఇప్పుడే కట్టక్కర్లేదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో మగపిల్లలు స్కౌట్స్, ఆడపిల్లలు గైడ్స్, రెండూ పదేళ్ళు నిండాకే. అంతకంటే చిన్నపిల్లలకి కబ్స్, బుల్‌బుల్స్ అని వేరే ఉంటాయి గానీ అవి ప్రైమరీ పిల్లలకి, మీ సారు పెడుతున్నది హైస్కూల్లో కాబట్టి పాప ఆరో తరగతికొచ్చాక గైడ్స్ పెడితే అప్పుడు చూసుకోవచ్చు. పాప మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను, ఆడపిల్లల పేరున పొదుపు చేసే సుకన్య సమృద్ధి ఖాతా తెరిచారా? లేకపోతే పదేళ్ళు నిండకముందే పోస్టాఫీసుకెళ్ళి తెరిచెయ్యండి, 250 రూపాయలతో మొదలవుతుంది, పదో పుట్టినరోజు దాటిందంటే మళ్ళీ ఆ అవకాశం రాదు. పాప పేరున ఈ ఏడాది ఖర్చు పెట్టాల్సింది ఏదైనా ఉంటే అదే.

ఇక బాబుది 3,000. అదీ ఒక్కసారే ఇవ్వక్కర్లేదు. చేరిన రోజునే స్కౌట్ అయిపోడు, ముందు ప్రవేశ్ అని ఒక మెట్టు ఉంటుంది, ప్రతిజ్ఞ, నియమాలు, ప్రార్థన, జెండా గీతం, ఎడమచేత్తో షేక్‌హ్యాండ్ ఎందుకిస్తారు ఇవన్నీ నేర్చుకోవాలి, దానికి మామూలుగా మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత అందరి ముందు ప్రతిజ్ఞ చేశాకే మెళ్ళో స్కార్ఫూ చొక్కాకి మెంబర్‌షిప్ బ్యాడ్జీ వస్తాయి. అంటే మీకు మూడు నెలల టైము ఉన్నట్టే. ఈ నెల రిజిస్ట్రేషన్‌కి 300 కట్టండి చాలు, యూనిఫాం ప్రతిజ్ఞ నాటికి రెడీ అయితే సరిపోతుందా అని సారుని అడగండి, చాలామంది సార్లు ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు కాబట్టే లిస్టు మొత్తం ఒక్కసారే ఇచ్చేస్తారు.

యూనిఫాం అంటారా, స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, మీరే కుట్టేది కదా, గుడ్డ మాత్రం కొనుక్కోండి. ఇంకా మంచి పని, ట్రూప్‌లో చేరే పిల్లలందరికీ కలిపి ఒకే తానులోంచి గుడ్డ తీసుకోండి, రంగు తేడా రాదు, ధరా తగ్గుతుంది, కుట్టుకూలి బజారు రేటు కన్నా కొంచెం తక్కువ చెప్పి మీరే కుట్టండి, మీకూ నాలుగు రూపాయలు మిగుల్తాయి. పదకొండేళ్ళ పిల్లాడు ఏడాదికి ఎంత సాగుతాడో మీకు తెలుసు, చేతుల దగ్గరా ప్యాంటు కిందా రెండు వేళ్ళ మడత లోపలికి వదిలెయ్యండి, రెండేళ్ళు వస్తుంది. బూట్లు కొనొద్దు, బడిలో కిట్టుతో ఇచ్చిన నల్ల బూట్లు సరిపోతాయేమో సారుని అడగండి. బ్యాడ్జీలూ టోపీ స్కార్ఫూ మాత్రం స్కౌట్స్ జిల్లా అసోసియేషన్ ద్వారానే తెప్పించమనండి, బజార్లో దొరికేవి ఒక్కోసారి వేరేగా ఉంటాయి, మళ్ళీ మార్చాల్సి వస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

తాడు కూడా అంతే, ఒక్కొక్కళ్ళూ విడిగా కొంటే ఖరీదు. పెద్ద చుట్ట ఒకటి తెచ్చి ముక్కలు చేసుకుని, కొసలు విడిపోకుండా దారంతో బిగించి కట్టడం పిల్లలకే నేర్పించండి, దాన్ని విప్పింగ్ అంటారు, అది కూడా వాళ్ళు నేర్చుకునే పాఠమే.

ఇవన్నీ పోగా మీ చేతిలోంచి పోయేది రెండు వేల లోపే ఉండాలి. వారానికి 150 చొప్పున పదమూడు వారాల్లో 1,950. పెళ్ళిళ్ళ సీజనులోనో రథసప్తమికి అరసవల్లి ట్రిప్పులు తగిలినప్పుడో బావగారికి ఎక్కువొస్తే ఆ వారం మూడొందలు వెయ్యండి, డల్‌గా ఉన్న వారం మానెయ్యండి. దీనికి పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ మాత్రం కట్టొద్దు, అది ఐదేళ్ళది, మూడేళ్ళ దాకా మూసెయ్యనివ్వరు. మీ బ్యాంకు ఖాతాలోనే వేసి ఉంచండి. వచ్చే జూన్‌లో తల్లికి వందనం, అదే బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం వేసే డబ్బు, మీ ఖాతాలో పడితే అందులోంచి రెండు వేలు ఆ రోజే పక్కకి తీసి క్యాంపులకని ఉంచండి, లేదంటే మిగతా ఖర్చుల్లో అది ఎటు పోయిందో తెలీదు.

రైల్వే జాబు సంగతి బావగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. స్కౌట్స్ కోటా అబద్ధం కాదు, రైల్వే జోన్లు ఆ కోటాలో నోటిఫికేషన్ ఇస్తుంటాయి. కానీ పోస్టులు చాలా తక్కువ, దానికి రాష్ట్రపతి అవార్డో, స్కౌట్లని నడిపే పెద్దవాళ్ళు శిక్షణ తీసుకుంటే వచ్చే హిమాలయన్ ఉడ్ బ్యాడ్జో ఉండాలి, ఐదేళ్ళు చురుగ్గా పనిచేసి ఉండాలి, జాతీయ స్థాయివీ రాష్ట్ర స్థాయివీ కార్యక్రమాలకి వెళ్ళి ఉండాలి. బాబు ముందు ప్రవేశ్, తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు, ఒక్కో మెట్టుకీ నెలల తరబడి పడుతుంది, వీటిలో ఏదీ డబ్బులిచ్చి కొనేది కాదు. ఎవరైనా "ఇంత కట్టండి అవార్డు వచ్చేస్తాది, జాబ్ గ్యారంటీ" అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి. స్కౌట్ అనే పేరుతో వేరే సంస్థలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి మీ ట్రూప్ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ శ్రీకాకుళం జిల్లా అసోసియేషన్‌లో నమోదయ్యిందో లేదో కాగితం చూసుకోండి, కట్టిన రిజిస్ట్రేషన్‌కి రసీదు అడగండి. జాబు కోసమే అయితే నేను చేర్పించమని చెప్పను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి తోటలూ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేక జనం ఎలాగ అల్లాడారో మనందరం చూశాం, అలాంటప్పుడు కట్టు కట్టడం, తాడు సరిగ్గా ముడెయ్యడం, పది మందికి వండి పెట్టడం వచ్చిన పిల్లలు ఊరికొక పది మంది ఉంటే ఎంత ధైర్యం చెప్పండి. ఆ రెండు వేలు దానికోసం పెట్టండి.

ఇప్పుడు ఫోన్‌పే సంగతి, ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. వేయించుకోవద్దు. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, కానీ ఆ ఖాతాలోంచే గ్యాస్ బుక్కవుతుంది, రీచార్జ్ అవుతుంది, బాబుకి జ్వరమొస్తే మందులు కొంటారు, మూడు నెలలయ్యేసరికి ట్రూప్‌ది ఎంతో మీది ఎంతో మీకే తెలీదు, అప్పుడు ఒక్క తల్లి అనుమానంగా ఒక్క మాటంటే చాలు ట్రూప్ ఆగిపోతుంది, ఊళ్ళో మీ పేరూ పోతుంది. డ్వాక్రాలో ఎలాగ చేస్తున్నారో అచ్చం అలాగే చెయ్యండి. తల్లిదండ్రులూ సారూ కలిసి గ్రూప్ కమిటీ వేసుకుని, తీర్మానం రాసి, దాని కాపీ పట్టుకెళ్ళి ట్రూప్ పేరున సేవింగ్స్ ఖాతా తెరవండి, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి రావాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఖాతా తెరుచుకునేదాకా కూడా ఎవరి దగ్గరా ఐదొందలకి మించి చేతిలో ఉండొద్దు. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది, పక్కన బిల్లు పిన్ను కొట్టి, ఇచ్చినవాళ్ళ సంతకం. ప్రతి నెలా ఆఖరి ఆదివారం పిల్లల ముందే పైకి చదవండి. స్కౌట్ నియమాలు తొమ్మిదిట్లో ఎనిమిదోది స్కౌట్ పొదుపుగా ఉంటాడని, ఆ పొదుపు పిల్లలకి పుస్తకంలో కన్నా ఆ లెక్క చదివేటప్పుడే బాగా ఎక్కుతుంది.

వలసెళ్ళిన వాళ్ళ పిల్లలు మన జిల్లాలో ప్రతి బడిలో ఉన్నారు, అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు, వాళ్ళకి మూడు వేల లిస్టు చూపిస్తే మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు. వాళ్ళని వదలొద్దు. స్కౌట్స్‌లో ఖరీ కమాయి అని ఉంది, పిల్లలే చిన్న పని చేసి ట్రూప్‌కి డబ్బు సంపాదించడం, పేపరు కవర్లు చేసి కొట్లకివ్వడమో మొక్కలు పెంచి వారపు సంతలో అమ్మడమో, వచ్చింది ట్రూప్ ఖాతాకి వెళ్తుంది, అందులోంచి ఆ పిల్లల రిజిస్ట్రేషనూ గుడ్డా వస్తాయి, ఎవరికి ఇచ్చారన్నది సారుకీ కమిటీకీ తప్ప ఎవరికీ తెలియక్కర్లేదు. పొట్టయిపోయిన యూనిఫాంలు పారెయ్యకుండా ఉతికి బీరువాలో పెట్టమనండి. గుడారం, వంట గిన్నెలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె లాంటివి ఇంటికొకటి కాదు, ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు కలిసి ఒక పట్రోల్, పట్రోల్‌కి ఒక సెట్టు చాలు, అదీ మొదటి ఏడాదే అన్నీ కొనక్కర్లేదు, బడి మధ్యాహ్న భోజనం గిన్నెలు సెలవు రోజుల్లో అడిగి తెచ్చుకోవచ్చు.

బావగారికి ఇరవై రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా బ్యాంకులో ఉందో లేదో ఈ వారమే చూడండి, ఏడాదికి ఇరవయ్యే, రెండు లక్షల ప్రమాద బీమా, రోజంతా రోడ్డు మీదుండే మనిషికి అది లేకుండా ఇంకే ప్లానూ వద్దు. ఆయన క్యాంపు రోజు గుడారాలూ బియ్యం బస్తా ఆటోలో తీసుకెళ్ళి దించి, సాయంత్రం వెనక్కి తెస్తే ఆ కిరాయి ఎంతవుతుందో లెక్కేసి ట్రూప్ పుస్తకంలో ఆయన పేరున జమ రాయించండి, బాబు క్యాంపు 600లో అంతమేరకి తగ్గించుకోవచ్చో లేదో కమిటీలో అడగండి.