కమల వరి విత్తనం కొనొచ్చా, ఎండాకు తెగులు ఆగుతుందా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ కాలవ కింద బీపీటీ వరి వేస్తాం. ఏటా ఎండాకు తెగులు వచ్చి సగం తాలే అవుతోంది. జీన్ ఎడిటింగ్ చేసిన కమల వరి నా దగ్గరుంది, తెగులు రాదు, దిగుబడి డబుల్ అని ఒకాయన విత్తనం అమ్ముతానంటున్నాడు. తీసుకోమంటారా? ఇది బీటీ పత్తి లాంటిదేనా?

జవాబు: నమస్తే అండి. ముందు అసలు మాట, ఆయన దగ్గర కొనకండి. కమలని చేసింది ఎండాకు తెగులుని ఆపడానికి కాదు, తెగులు రాదని చెప్పాడంటేనే ఆయన చేతిలో ఉన్నది ఏం గింజో అనుమానించాలి.

కమల అంటే డీఆర్ఆర్ ధాన్ 100. మన రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు మీరు వేసే బీపీటీ 5204, అదే సాంబ మసూరి, దాన్నుంచే చేశారు, 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. వరి కంకిలో గింజలు ఎన్ని పట్టాలనేది సైటోకైనిన్ అనే హార్మోన్ మీద చాలావరకు ఆధారపడుతుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేసే జీన్ ఒకటుంది, సీకేఎక్స్2 అంటారు. క్రిస్పర్ అనే జీన్ కత్తెరతో ఆ జీన్‌ని కత్తిరించి పనిచేయకుండా చేశారు, దాంతో హార్మోన్ నిలబడి కంకికి గింజలు ఎక్కువ పడతాయి. అంతే, వాళ్లు ముట్టుకుంది ఆ ఒక్క జీన్‌నే. తెగులు విషయంలో బీపీటీకి ఉన్న బలహీనత అలాగే ఉంటుంది.

బీటీ పత్తి వేరు అండి. అందులో బ్యాక్టీరియా జీన్ తెచ్చి పెట్టారు, అది మొక్కలోనే ఉండిపోతుంది. ఇక్కడ కత్తిరించడానికి వాడిన సరుకుని తర్వాతి తరాల్లో ఏరి తీసేస్తారు, మిగిలేది వరి సొంత జీన్‌లో చిన్న మార్పు. ఇదే జీన్ సహజంగానే బలహీనపడిన వరి రకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2005లోనే చూపించారు. అందుకే బయటి జీన్ లేని ఇలాంటి మొక్కలకి 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి (జీఎం) పంటల రూల్స్ నుంచి మినహాయింపు ఇచ్చింది.

డబుల్ దిగుబడి మాట కూడా నమ్మకండి. ప్రకటనలో చెప్పింది సగటున హెక్టారుకి 5.37 టన్నులు, బీపీటీకి 4.5, అంటే ఎకరానికి 18 క్వింటాళ్లు వచ్చేచోట 21-22. ఆ ట్రయల్ లెక్కల మీద కూడా కొన్ని సంఘాలు ప్రశ్నలు లేపాయి, నా ఉద్దేశంలో అవి అడగాల్సిన ప్రశ్నలే, పొలాల్లో రెండు మూడు సీజన్లు చూస్తేగానీ తేలదు. నాకు నచ్చింది 20 రోజులు ముందు కోతకొస్తుందని చెప్పడం, మీలాంటి కాలవ కింది రైతులకి రెండు తడులు మిగిలినా గొప్పే. విత్తనం కావాలంటే రాజేంద్రనగర్‌లోనో మీ కృషి విజ్ఞాన కేంద్రంలోనో (కేవీకే) అడగండి, విత్తన ధ్రువీకరణ ట్యాగ్ లేని సంచి మాత్రం ముట్టుకోవద్దు.

మీ అసలు బాధకి మందు ఎప్పట్నించో ఉంది, జనానికి తెలియకపోవడమే నాకు బాధ. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఇదే వరి సంస్థ కలిసి చేసింది, 2008లో విడుదలైంది. ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జీన్లని మామూలు సంకరంతోనే, డీఎన్ఏ మార్కర్లతో ఏరుకుంటూ బీపీటీలోకి తెచ్చారు. గింజ అదే సన్నం. హైబ్రిడ్ కాదు కాబట్టి బెరుకులు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరేసి మీ గింజలే దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. అగ్గి తెగులుకి, దోమకి మాత్రం ఇది పనిచేయదు, వాటిని విడిగా చూసుకోవాలి.

ఈ సీజన్ పొలంలో తెగులు కనబడితే యూరియా వెంటనే ఆపండి, ఆ మడి నీళ్లు పక్క మడికి పోనివ్వకండి. నాటేటప్పుడు నారు కొసలు తుంచొద్దు, ఆ గాయంలోంచే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. అసలు అది ఎండాకు తెగులేనా అనేది కూడా ఒకసారి చూడండి, ఎండుతున్న ఆకుని పచ్చదనం కలిసే చోట కోసి గాజు గ్లాసులో మంచినీళ్లలో పెడితే కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాగా తెల్లగా కారాలి. కారకపోతే ఆకు ఫోటో పెట్టండి, వేరే ఏమన్నా ఉందేమో చూసి చెప్తాను.