ఇల్లు ఖాళీ చేయమన్నారని తొందరపడి వెళ్లిపోకు

చి.ల.సౌ. అమ్మాయికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన నోటీసు జాగ్రత్తగా చదివాను. ఇల్లు అమ్ముకుంటున్నాం, నాలుగు నెలల్లో ఖాళీ చేయండి అని ఉంది. నన్ను కలవరపెట్టింది ఆ నోటీసు కన్నా నీ ఉత్తరం చివర నువ్వు రాసిన మాట: "ఓనరు మనవాళ్లే పిన్నీ, కోర్టుల దాకా ఎందుకు, గడువు లోపల ఎవరింట్లోనైనా ఒక గది చూసుకుని వెళ్లిపోతాం." కడుపుతో ఉన్నావు, ఏడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. ఆ పని మాత్రం చేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో, బదులుగా ఏం చేయాలో ఇందులో వివరంగా రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ఇంగ్లండ్‌లో నోటీసు అందడంతోనే ఇంటి మీద మీ హక్కు పోదు. నోటీసు గడువు ముగిశాక మీరు ఇంకా ఉంటే, యజమాని కోర్టుకు వెళ్లాలి. జడ్జి ఇల్లు అప్పగించమని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తేదీకీ మీరు వెళ్లకపోతే, కోర్టు పంపే బెయిలిఫ్‌లు ముందుగా తేదీ తెలియజేసి వచ్చి ఖాళీ చేయించాలి. వాళ్లు తప్ప ఇంకెవరూ మిమ్మల్ని బయటికి పంపలేరు. యజమాని తాళం మార్చినా, కరెంటు ఆపినా, సామాను బయట పెట్టినా 1977 నాటి చట్టం ప్రకారం అది నేరం. అలాంటిది జరిగితే వెంటనే పోలీసులకూ కౌన్సిల్‌కూ ఫోను చేయాలి.

ఇక అసలు సంగతి. ఉండటానికి హక్కు ఉన్న ఇంటిని మీ అంతట మీరే వదిలి వెళితే, రేపు ఇల్లు లేదని సాయం కోసం కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) దగ్గర నిలబడ్డప్పుడు "వీళ్లు కావాలనే ఇల్లు పోగొట్టుకున్నారు" అని రాసే అవకాశం ఉంది. ఆ ఒక్క వాక్యం ఫైల్లో పడితే, పిల్లలు ఉన్న కుటుంబానికి కూడా దీర్ఘకాలపు సాయం ఆగిపోతుంది. నేను కౌన్సిల్ హౌసింగ్ విభాగంలో కౌంటరుకు అవతల ఏళ్ల తరబడి కూర్చున్న మనిషిని. యజమాని మొహమాటానికి ముందే ఖాళీ చేసి, తెలిసినవాళ్ల హాల్లో నేల మీద పడుకుంటూ మా దగ్గరకు వచ్చిన మన కుటుంబాలను చూశాను. మంచితనంతో చేసిన పనే వాళ్లకు అడ్డం వచ్చింది. అద్దె ఆపినా ఇదే ప్రమాదం. ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా అని చివరి నెలల అద్దె కట్టకుండా డిపాజిట్‌లో సర్దుకోమనడం మనవాళ్లలో మామూలే. మీరు అలా చేయకండి. చివరి రోజు దాకా బ్యాంకు నుంచే కట్టండి.

యజమాని మనవాడైతే ఇబ్బంది ఎక్కువని నా అనుభవం. మాట మీద ఇల్లు ఇస్తారు, అద్దె నగదుగా తీసుకుంటారు, డిపాజిట్‌కు రసీదు ఉండదు, ఖాళీ చేయమనేది వాట్సాప్‌లో చెబుతారు. మీ డిపాజిట్ 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ పథకంలో జమ చేశారో లేదో ముందు చూడు. ఆ పథకాల వెబ్‌సైట్లలో మీ పేరు, పిన్‌కోడు కొడితే తెలుస్తుంది. చేయకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు పరిహారం కోర్టు ఇప్పించగలదు. ఇది అతని మీద పగ తీర్చుకోమని చెప్పడం లేదు. మీ చేతిలో ఏముందో మీకు తెలిసి ఉండాలి.

చట్టం ఈ మధ్యే మారింది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పాత సెక్షన్ 21 పద్ధతి పోయింది. ఇప్పుడు ఇల్లు అమ్ముతామన్నా, తామే వచ్చి ఉంటామన్నా, కారణం చెప్పి ఖాళీ చేయించే సెక్షన్ 8 కింద నిర్ణీత ఫారంలో నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. అద్దెకు దిగిన మొదటి ఏడాదిలో ఈ కారణాలతో ఖాళీ చేయించలేరు. అమ్ముతామని చెప్పి ఖాళీ చేయించుకున్నాక ఆ ఇంటిని ఏడాది పాటు మళ్లీ అద్దెకు ఇవ్వకూడదు. నిజంగా అమ్మే ఉద్దేశం ఉందని కోర్టులో చూపించాల్సింది కూడా అతనే. అందుకే నోటీసును న్యాయ సలహాదారుకు చూపించు. లిఖితపూర్వక నోటీసు అందిన నాటి నుంచి ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ 2023 ఆగస్టు నుంచి ఉంది. దాని పేరు హౌసింగ్ లాస్ ప్రివెన్షన్ అడ్వైస్ సర్వీస్. మీ ఇద్దరి జీతాలతో దానికి సంబంధం లేదు. కోర్టులో వాయిదా రోజున కూడా ఆ సేవ తరఫున ఒక న్యాయ సలహాదారు అక్కడ ఉంటారు. వాయిదాకు వెళ్లకుండా మాత్రం ఉండకండి. అద్దెకున్నవాళ్లు రాని కేసులు నిమిషాల్లో తేలిపోతాయి.

ఒక హెచ్చరిక. మీ కింది అంతస్తు కుర్రవాళ్లలాగా యజమాని ఉంటున్న ఇంట్లోనే ఒక గది తీసుకుని, వంటగది కలిసి వాడుకునేవాళ్లకు ఈ రక్షణ లేదు. వాళ్లను బయటికి పంపడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, తగినంత గడువు ఇస్తే చాలు. నువ్వు ఇప్పుడు "ఎవరింట్లోనైనా ఒక గది" అంటున్నావే, అందులోకి వెళితే మీ పరిస్థితీ అదే అవుతుంది. ఉన్న హక్కులన్నీ వదిలేసి ఏ హక్కూ లేని చోటికి వెళ్లడం ఏం తెలివి తల్లీ?

ఇప్పుడు కౌన్సిల్ సంగతి. 1996 నాటి హౌసింగ్ చట్టానికి 2017లో చేసిన మార్పులు 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం 56 రోజుల్లో ఇల్లు పోయే పరిస్థితి ఉన్నవాళ్లకు, ఇల్లు పోకుండా ఆపడానికో వేరే ఇల్లు దొరికేలా చూడటానికో కౌన్సిల్ సాయం చేయాలి. అప్పటిదాకా ఆగమని దీని అర్థం కాదు. ఉచిత సలహా ఇవ్వాల్సిన బాధ్యత కౌన్సిల్‌కు ఎప్పుడూ ఉంటుంది. ఈ వారమే వెబ్‌సైట్‌లో ఫారం నింపి, నోటీసు ప్రతి జత చేయి. గడువుకు ఎనిమిది వారాల ముందు మళ్లీ వెళ్లి, హోమ్‌లెస్‌నెస్ అప్లికేషన్ (ఇల్లు పోతోందని సాయం కోరే దరఖాస్తు) పెడుతున్నామని ఆ మాటలతోనే చెప్పు. "ఇంటి విషయం మాట్లాడటానికి వచ్చాం" అంటే కౌన్సిల్ ఇళ్ల కోసం ఎదురుచూసే వెయిటింగ్ లిస్టు ఫారం చేతిలో పెట్టి పంపిస్తారు. రెండూ వేరు వేరు దారులు. లిస్టులో పేరు నమోదు చేసుకో, కానీ అది ఇప్పటి ఆపద తీర్చదు.

కౌంటరు దగ్గర "బెయిలిఫ్ వచ్చే రోజు రండి" అని తిప్పి పంపడం నాకు తెలియని సంగతి కాదు. పని ఒత్తిడిలో చాలా చోట్ల జరుగుతుంది. అలా అంటే గొంతు పెంచకు, ఏడవకు. "ఆ నిర్ణయం రాసి ఇవ్వండి" అని అడుగు, అధికారి పేరూ తేదీ రాసుకో, ఇంటికి వచ్చి అదే రోజు ఈమెయిల్ పంపు. రాసి ఇవ్వమన్నాక చాలా విషయాలు మారిపోతాయి, అవతలి వైపు కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. కోర్టు ఉత్తర్వులో ఇచ్చిన తేదీ దాటాక కూడా బెయిలిఫ్‌లు వచ్చే దాకా ఆ ఇంట్లోనే ఉండమనడం సరికాదని కౌన్సిళ్లకు ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మాట గుర్తుచేయవచ్చు. అక్కడి దాకా లాగితే కోర్టు ఖర్చులు మీ మీద పడవచ్చు, అది కూడా వాళ్లకు చెప్పు.

అధికారి మీతో కూర్చుని మీ పరిస్థితి అంతా అడిగి, ఎవరు ఏం చేయాలో ఒక ప్రణాళిక రాసి ఇవ్వాలి. అక్కడ దాచుకోకు. మనవాళ్లు పరువు అనుకుని "పర్వాలేదు, బాగానే ఉన్నాం" అంటారు. నీకు బి.పి. ఉందని, నెలలు నిండుతున్నాయని, పిల్లవాడికి ఉబ్బసం ఉందని, అల్లుడి రాత్రి షిఫ్టులు ఎక్కడో, బడి ఎక్కడో, అన్నీ చెప్పు. అధికారి ఊహించుకుని రాయడు, నువ్వు చెప్పిందే రాస్తాడు. కాగితాలు: పాస్‌పోర్టులు, ఈ-వీసా షేర్ కోడ్ (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే కోడ్), అద్దె ఒప్పందం, నోటీసు, జీతం పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బాబు జనన ధ్రువపత్రం, డాక్టరు ఉత్తరం, ఇరవై వారాలు దాటాక మిడ్‌వైఫ్ ఇచ్చే మ్యాట్ బి1 అనే గర్భ ధ్రువపత్రం. ఇంగ్లిషులో తడబడతావనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పు. పిల్లవాడిని మధ్యవర్తిగా నిలబెట్టకు, వాడు వినకూడని మాటలు అక్కడ వస్తాయి.

వీసా సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. మీ ఇద్దరికీ శాశ్వత నివాస అనుమతి వచ్చి, అలవాటుగా ఇక్కడే ఉంటున్నారు కాబట్టి మీరు అర్హులు. కానీ నువ్వు ఇది నీ స్నేహితులకు పంపుతావని తెలుసు. స్కిల్డ్ వర్కర్ వీసా మీదా, చదువు వీసా మీదా ఉన్నవాళ్ల అనుమతిలో నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అనే షరతు, అంటే ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. వాళ్లకు ఈ సాయం రాదు, అడిగి తీసుకుంటే రేపు వీసాకే ముప్పు. అయినా సలహా తీసుకోవడానికి అడ్డు లేదు. రోడ్డున పడే పరిస్థితిలో పిల్లలు ఉంటే 1989 నాటి పిల్లల చట్టం సెక్షన్ 17 కింద సోషల్ సర్వీసెస్‌ను అడగవచ్చు. దాన్ని పబ్లిక్ ఫండ్స్‌గా లెక్కించరు. అడిగే ముందు ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడమను. ఇంకొకటి, భర్త హింస వల్ల బయటికి రావలసిన ఆడపిల్లకు దారి వేరు. 2021 నాటి గృహహింస చట్టం తరువాత ఆమెకు పిల్లలు లేకపోయినా కౌన్సిల్ దగ్గర ప్రాధాన్యం ఉంటుంది. భర్త వీసా మీద వచ్చినదైతే మూడు నెలల పాటు సాయం పొందేలా ప్రత్యేక అనుమతి అడగవచ్చు. గృహహింస బాధితుల సహాయ నంబరు 0808 2000 247 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఈ నంబరు నీ దగ్గర ఉంచుకో.

ఒంటరిగా ఉన్న కుర్రవాళ్లను "మీకు ప్రాధాన్యం లేదు" అని మొదటి మాటలోనే పంపించడం తప్పు. ప్రాధాన్యం లేకపోతే తాత్కాలిక నివాసం రాదు, అంతే. ఇల్లు పోకుండా చూసే సాయం వాళ్లకూ ఉంది.

నీకు ఏం దొరుకుతుందో కూడా నిజం చెప్పాలి. కౌన్సిల్ ఇల్లు వెంటనే ఇస్తారని అనుకోకు. లండన్ లాంటి చోట పెద్ద కుటుంబాలకు ఏళ్లు పడుతుంది. చాలాసార్లు ముందు ప్రైవేటు ఇల్లే వెతికి, డిపాజిట్‌కు సాయం చేస్తారు. అదీ కుదరక ఇల్లు పోతే, పిల్లలున్నారు, కడుపుతో ఉన్నావు కాబట్టి తాత్కాలిక నివాసం చూపించాలి. అది హోటల్ గది కావచ్చు. స్నానాల గదీ వంటగదీ ఇతరులతో పంచుకునే అలాంటి చోట పిల్లలున్న కుటుంబాన్ని ఆరు వారాలకు మించి ఉంచకూడదు. వేరే ఊరికీ పంపవచ్చు. ఇల్లు చూపించేటప్పుడు బాబు చదువునూ, అల్లుడి ఉద్యోగాన్నీ, నీ ఆసుపత్రినీ దృష్టిలో పెట్టుకోవాలని నిబంధన ఉంది, అందుకే ఆ వివరాలన్నీ ఫైల్లో ఉండాలన్నాను. శాశ్వత ఏర్పాటుగా చూపిన ఇల్లు నచ్చకపోతే కోపంలో కాదనకు. కాదంటే కౌన్సిల్ బాధ్యత అక్కడితో తీరిపోవచ్చు. సంతకం చేసి లోపలికి వెళ్లు, వెళ్లాక 21 రోజుల్లోపు పునఃపరిశీలన కోరుతూ రాయి. కావాలనే ఇల్లు వదిలారన్న నిర్ణయం వచ్చినా అదే 21 రోజులు. ఆ గడువు దాటనివ్వకు.

ఈ చెప్పిందంతా ఇంగ్లండ్‌కే. స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్న మన వాళ్లు అక్కడి చట్టం అడిగి తెలుసుకోవాలి.

ఇళ్ల సమస్యల్లో సలహా ఇచ్చే షెల్టర్ సంస్థ ఉచిత నంబరు 0808 800 4444. లైను దొరకడానికి సమయం పడుతుంది, ఓపికగా పట్టుకో. మీ ఊరి సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా కేంద్రానికి కూడా వెళ్లు. ఓనరుకు మాత్రం మర్యాదగా ఒక మెయిల్ రాయి: నోటీసు అందింది, అద్దె కడుతూ ఉంటాం, కౌన్సిల్‌తో మాట్లాడుతున్నాం అని. ఇల్లు చూడటానికి కొనేవాళ్లు వస్తే రానివ్వు, కానీ ఒక రోజు ముందు చెప్పి రమ్మను. ఒప్పందంలో అల్లుడి పేరు కూడా ఉంది కాబట్టి కౌన్సిల్‌కు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆ రోజు అతని షిఫ్టు సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోమను.

మీ పిన్ని