మేనకోడలికి, మాత్రల గురించీ బీమా కాగితం గురించీ

చిరంజీవి మేనకోడలికి కర్నూలు నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

బెంగుళూరులో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అత్తయ్య చెప్పగానే వీధిలో నలుగురికీ మిఠాయి పంచి వచ్చాను. ఇంటికొచ్చాక ఆమె చెప్పిన రెండో మాటకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కంపెనీవాళ్లు 5 లక్షల ఆరోగ్య బీమా ఇస్తున్నారు కనుక ఇకమీదట హెచ్‌ఐవీకి ఉచితంగా మందులిచ్చే అనంతపురం ఏఆర్‌టీ కేంద్రంలో వరుసలో నిలబడే పని లేదనీ, మాత్రలు బయట కొని బిల్లు బీమాలో పెట్టుకుంటాననీ అన్నావట. 26 ఏళ్లు పాలసీలు రాసి సంసారం నడిపినవాణ్ని కాబట్టి ఈ విషయంలో నా మాట వినే తీరాలి.

ఆ కార్డు నువ్వు ఆసుపత్రిలో చేరినప్పుడు ఉపయోగపడేది. మన దేశంలో ఆరోగ్య పాలసీలు చాలావరకు రోగి కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే డబ్బు చెల్లిస్తాయి. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికి వచ్చాక 60 రోజుల మందుల బిల్లులు కూడా చాలా పాలసీలు ఇస్తాయి గానీ, అవి నిన్ను ఆసుపత్రిలో చేర్చిన జబ్బుకు సంబంధించినవై ఉండాలి. ప్రతి నెలా, ప్రతి రోజూ వేసుకోవలసిన మాత్రలు ఓపీ ఖర్చు, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం ఖర్చు కిందికి వస్తాయి. ఓపీ కవరు విడిగా ఉన్న పాలసీలో సైతం ఏడాదికి ఇంత అని పరిమితి ఉంటుంది, అది అయిపోయిన నెల నీ జీతంలోంచే కొనుక్కోవాలి. ఆ నెలలో ఇంటద్దె, స్నేహితురాలి పెళ్లి, పండగ ప్రయాణం అన్నీ కలిసి వచ్చాయంటే ముందుగా వాయిదా పడేది మాత్రలే. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ మూడూ కలిసిన ఆ ఒక్క మాత్రను ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నప్పుడు, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష కూడా పైసా తీసుకోకుండా చేస్తున్నప్పుడు, దాని కోసం బీమా మీద ఆధారపడటం ఎందుకు?

అనంతపురం దూరమవుతుందనుకుంటే అక్కడే బదిలీ పత్రం రాయించుకుని బెంగుళూరులోని ఏఆర్‌టీ కేంద్రంలో చేరు. అంతే, పెద్ద పని కాదు.

ఇప్పుడు ఇన్నేళ్లుగా మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి నీకు రాస్తున్నాను. పదిహేనేళ్ల కిందట కర్నూలు పాతబస్తీలో ఆటో నడిపే ఒక మనిషికి ఆరోగ్య పాలసీ రాశాను. ప్రపోజల్ ఫారం నింపుతూ జబ్బుల గడి దగ్గరికి వచ్చేసరికి అతను లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన ఏఆర్‌టీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "సార్, ఇది కూడా రాయాల్నా?" అని అడిగాడు. ఆ రోజుల్లో మా పాలసీల్లో హెచ్‌ఐవీకి చోటే లేదు, రాస్తే ఫారం వెనక్కి వస్తుందని నాకు తెలుసు. నెలాఖరు కావడంతో నా లెక్కకు రెండు పాలసీలు తక్కువపడుతున్నాయి. "నువ్వు గట్టిగానే ఉన్నావు కదయ్యా, అవసరం లేదు" అని నా పెన్నుతోనే "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. అతను నన్ను నమ్మి వేలిముద్ర వేశాడు.

రెండేళ్లు తిరక్కుండానే అతనికి ఊపిరితిత్తులకు నీరు పట్టింది. అంతవరకు ఏ నలత వచ్చినా మన పెద్దాసుపత్రికి వెళ్లే మనిషి, చేతిలో పాలసీ ఉందన్న ధైర్యంతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. మందులెప్పటినుంచి వాడుతున్నావని డాక్టరు అడిగితే దాచకుండా చెప్పాడు, డాక్టరు కేస్ షీటులో రాశాడు. ఫారంలో నేను పెట్టిన టిక్కుకూ ఆ కేస్ షీటుకూ పొంతన లేదని క్లెయిము తిరస్కరించారు. బిల్లు లక్షా నలభై వేలు. అతని భార్య మెడలోని గొలుసు, ఆ తర్వాత ఆటో అమ్ముకున్నారు. తిరస్కరణ ఉత్తరం చదివి చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆమె నన్ను ఒక్క మాటా అనకుండా చెంబుతో మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆ నీళ్లు తాగలేకపోయాను. నిజం రాసి ఉంటే పాలసీ వచ్చేది కాదు, ప్రీమియం డబ్బు అతని దగ్గరే ఉండేది, పెద్దాసుపత్రిలో అదే వైద్యం ఖర్చు లేకుండా జరిగేది. లేని ఆసరాను ఉన్నట్టు నమ్మించాను, అదీ నేను చేసిన తప్పు. నీ మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెంబే.

అందుకే చెబుతున్నాను, ఏ ఫారంలోనూ ఆ గడి దగ్గర అబద్ధం పెట్టకు. కంపెనీ గ్రూపు పాలసీలో చాలాచోట్ల పాత జబ్బులు మొదటి రోజునుంచే కవరవుతాయి, విడిగా ఆరోగ్య వివరాలు అడగరు కూడా. అయితే ఉద్యోగం మానిన రోజున ఆ పాలసీ పోతుంది. కనుక ఒంట్లో బాగున్నప్పుడే నీ పేరున వేరే పాలసీ తీసుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా పాలసీలు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023లో కంపెనీలను ఆదేశించింది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు కవరు మొదలయ్యేదాకా ఎదురుచూడవలసిన గడువు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలకు తగ్గింది. పాలసీ 60 నెలలు తెగకుండా నడిస్తే, ఫలానాది చెప్పలేదని క్లెయిము ఆపడానికి వీల్లేదు, ఒక్క మోసం రుజువైతే తప్ప. ఆ ఐదేళ్లు దాచి గట్టెక్కుదామని ఎవరైనా ఏజెంటు సలహా ఇస్తే అతని చేత ఫారం నింపించకు. మినహాయింపుల పేజీలో హెచ్‌ఐవీ పేరు ఉందేమో సంతకానికి ముందే చూడు.

చట్టం ఉంది కదా, ఎందుకు చెప్పాలని నువ్వు అడగవచ్చు. హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం నీ సంగతి మీ ఆఫీసులో ఎవరికీ చెప్పనక్కర్లేదు, అడిగే హక్కూ వాళ్లకు లేదు. క్లెయిము పెట్టవలసి వస్తే డిశ్చార్జి కాగితాలు హెచ్‌ఆర్ వాళ్ల బల్లమీద పెట్టకుండా నేరుగా టీపీఏకు, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు పంపు. కానీ బీమా ఒప్పందం వేరు. అక్కడ డబ్బిచ్చేవాడు నీ మాటనే నమ్మి సంతకం చేస్తాడు.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. ఉచిత ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. మీ అమ్మ అంతకు ఏడు నెలల ముందే వెళ్లిపోయింది. ఆమె కోసం మందులు కొనడానికి నేనూ మీ నాన్నా ఎవరెవరి ముందు చేయి చాచామో, ఏ నెల కొన్నామో, ఏ నెల కొనలేకపోయామో నాకు తెలుసు. తర్వాత పిల్లలకు మందులు వచ్చాక నీకు ఆ మాత్ర నీళ్లలో కరిగించి పట్టేవాణ్ని, చేదుకు నువ్వు మొహం తిప్పుకుంటే అరచేతిలో బెల్లం ముక్క చూపించేవాణ్ని. అప్పటినుంచి ఇప్పటివరకు ఒక్క పూటా తప్పలేదు. కొనుక్కోవలసిన మందు ఏదో ఒక నెల ఆగుతుందన్న భయం నన్ను వదలదు, ఆగితే వైరస్ ఆ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

ఉద్యోగంలో చేరేలోగా ఒక ఆదివారం కర్నూలుకు రా. వాళ్లు పంపిన పాలసీ కాగితం మొత్తం ప్రింటు తీయించి తీసుకురా, ఫోనులో చిన్న అక్షరాలు నాకు కనబడవు. ఇద్దరం కూర్చుని ప్రతి పేజీ చదువుదాం. మీ అత్తయ్య నీకోసం ఓళిగలు చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామయ్య