సర్వర్ వింటోంది, కానీ ఎక్కడ?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గోదాంలోని జీడిపప్పు డబ్బాల లెక్క కొట్లోని కంప్యూటర్‌కి చేరేలా లినక్స్‌లో సీ ప్రోగ్రాం రాశాను. పోర్టు 8080 ఇచ్చాను. సర్వర్ ఏ ఎర్రరూ చూపదు, గోదాం నుంచి కలిపితే మాత్రం ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’. ఆపి మళ్ళీ నడిపితే ఒక్కోసారి ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. ఎందుకండీ?

జవాబు: బైండ్ (పోర్టును పట్టుకునే పిలుపు), లిజన్ (వినడం మొదలుపెట్టేది) రెండూ సున్నా తిరిగిచ్చాయంటే సర్వర్ ఎక్కడో వింటూనే ఉంది, మీరనుకున్న చోట కాదంతే. అది నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో ‘ఎస్ఎస్ -ఎల్‌టీఎన్’ కొట్టండి, వింటున్న అడ్రస్‌లు, పోర్టులు చూపుతుంది. 36895 కనిపించిందా? హెచ్‌టాన్స్ మరిచారు, పోర్టు అంకెలోని బైట్లను నెట్‌వర్క్ వరుసలోకి మార్చే ఫంక్షన్ అది. 8080ని హెక్సాలో రాస్తే 1ఎఫ్90. నెట్‌వర్క్‌కి పెద్ద బైటు ముందుండాలి, మన ఇంటెల్ చిప్పు చిన్నదాన్ని ముందు పెడుతుంది. తిరగబడితే 901ఎఫ్, అంటే 36895. అంకె అంకెలాగే ఉంది కాబట్టి కంపైలర్ కిక్కురుమనదు.

పోర్టు సరిగ్గానే ఉండి ముందు 127.0.0.1 ఉంటే, ఆ కంప్యూటర్‌లోని ప్రోగ్రాములకు తప్ప బయటివాళ్ళకి అందదు. అడ్రస్‌లో ఇన్‌యాడర్_ఎనీ పెట్టండి, 0.0.0.0 అవుతుంది. రెఫ్యూజ్డ్ అనకుండా చాలాసేపు ఊరుకుని టైమౌట్ అయితే అప్పుడు ఫైర్‌వాల్‌ని అనుమానించండి.

ఇక రెండోది, ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. కనెక్షన్‌ను ముందు ఏ వైపు మూస్తే ఆ వైపు సాకెట్ టైమ్-వెయిట్‌లోకి వెళ్తుంది, లినక్స్‌లో 60 సెకన్లు. అంటే మూసిన కనెక్షన్ అంతసేపు పోర్టును పట్టుకునే ఉంటుంది. సర్వర్ ముందు మూసినప్పుడే మీకీ తంటా, అందుకే ‘ఒక్కోసారి’. సెట్‌సాక్ఆప్ట్‌తో ఎస్ఓ_రీయూజ్‌యాడర్‌కి 1 ఇవ్వండి, అలా ఆగిన పోర్టును మళ్ళీ వాడనిస్తుంది. అదీ బైండ్‌కి ముందే, తర్వాత ఇచ్చి లాభం లేదు. అయినా అదే ఎర్రరంటే పాత సర్వర్ ఇంకా బతికే ఉంది. కంట్రోల్-సీకి బదులు కంట్రోల్-జెడ్ నొక్కారేమో చూసుకోండి, అది పడుకోబెడుతుందే గానీ చంపదు.

ప్రశ్న: లిజన్‌లో 5 అని ఇస్తే ఐదుగురే కలవగలరా? (గుణుపురం నుంచి)

జవాబు: కాదు. యాక్సెప్ట్ పిలిచేదాకా వరుసలో ఆగే కనెక్షన్ల లెక్క అది. ఎస్ఓమ్యాక్స్‌కాన్ (సిస్టమ్ పెట్టిన గరిష్ఠ అంకె) ఇచ్చేసి మరిచిపోండి. యాక్సెప్ట్ ఇచ్చిన డిస్క్రిప్టర్‌ను (ఆ కనెక్షన్‌కి లినక్స్ ఇచ్చే నంబరు) మాత్రం పని కాగానే క్లోజ్ చేయండి. చాలా లినక్సుల్లో ఒక ప్రోగ్రాంకి ఒకేసారి తెరిచి ఉంచగల డిస్క్రిప్టర్ల మామూలు హద్దు 1024. మూయకుండా వదిలేస్తూపోతే కొన్నాళ్ళు బాగానే నడిచి, ఒకరోజు ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని యాక్సెప్ట్ మొరాయిస్తుంది.